నీరటి వంటి మనిషి

నిర్మల్ నుండి వచ్చు సాయంకాలపు బస్సు ఖానాపూర్ చేరి, దిగిన మనిషి చేత పాలిథీన్ సంచియు, సంచిలో మడతపెట్టిన బయాప్సీ కాగితమును ఉన్న దినమున, ఆ మనిషి ఇల్లు చేరకమునుపే వార్త చేరును. చేరిన వార్తకు పేరు మాత్రము ఉండదు. పెద్ద రోగమందురు, గడ్డ మంచిది కాదట యందురు, "గదేనట" యని ఒక్క మాటతో సరిపెట్టుదురు. క్యాన్సరను మాట నోట వచ్చినచో అది తమ గడపను కూడ తొక్కునేమో యన్నట్లు దానిని దాటవేయుదురు. ఆ రాత్రి వాకిట మంచముల మీద కూర్చుండి "ఏం గాదు బిడ్డా, దేవుడున్నడు" అని ధైర్యము చెప్పువారు పదిమంది, ఫలానా ఊర చెట్టుమందు పోయువాడున్నాడని చెప్పువారు ఇద్దరు, ముంబయికి పోయినగాని లాభము లేదని తేల్చువాడొకడు, ఎకరము పొలము బేరము పెట్టుమని చెవిలో ఊదువాడొకడు, వీరందరును ప్రేమచేతనే వచ్చినవారు. అందులో సందేహము లేదు. కాని ఆ పదునలుగురిలో "రేపు పొద్దున ఎవరిని, ఏమి అడుగవలయును?" అను ప్రశ్నకు బదులు చెప్పగలవాడు ఒక్కడును లేకపోవుట నేను ఎన్నో ఇండ్లలో చూచితిని, మా ఇంటను చూచితిని.

సదర్మాట్ కాలువ కింద వరి పండించు మా పల్లెలవారికి ఈ కొరత ఎట్టిదో తెలియజెప్పుట కష్టము కాదు. గోదావరిలో నీరున్నను, ఆనకట్ట నిండినను, కాలువ పారుచున్నను, చివరి మడి దానంతట అది తడియదు. ఏ తూము ఎప్పుడు తెరువవలయునో, గండి ఎక్కడ పడినదో, ఎవరి వంతు ఏ జామున వచ్చునో ఎరిగి, భుజమున పార వేసికొని రాత్రియు పగలును గట్టు వెంట తిరుగు మనిషి ఒకడు కావలయును. అతనిని మన తెలంగాణ పల్లెలు నీరటి యని పిలిచినవి. అతడు నీటిని పుట్టించువాడు కాడు, ఉన్న నీటిని మడి దాక తెచ్చువాడు. క్యాన్సరు వచ్చిన కుటుంబమునకు కావలసిన ప్రభుత్వపు సొమ్ము, దాతల ఆశ్రయము, ప్రయాణపు రాయితీ, నొప్పి నణచు మందు, గోడు వినుటకొక చెవి, ఇవన్నియు ఈ రాష్ట్రమున ఎక్కడెక్కడనో పారుచునే యున్నవి. కాని వాని తూములు వేరు, వేళలు వేరు. కనుక రోగము నిర్ధారణ యైన వారములోనే ఇంటివారందరు కూర్చుండి చేయవలసిన మొదటి పని, డబ్బు లెక్క చూచుకొనుట కాదు, దవాఖాన పేరు తేల్చుకొనుటయు కాదు. తమలో నీరటి ఎవరో నిర్ణయించుకొనుట.

ఆ మనిషి రోగి కాకూడదు. నొప్పితో, భయముతో, నిద్రలేమితో ఉన్నవారిని కౌంటరు నుండి కౌంటరునకు నిలబెట్టుట ధర్మము కాదు. మన అలవాటు చొప్పున పెద్దకొడుకే ఆ బాధ్యత మోయవలయునని అనుకొందుము గాని, పెద్దకొడుకు దుబాయిలోనో మస్కట్లోనో ఉండి రాత్రి వీడియో కాలులో మాత్రమే కనబడు ఇండ్లు మా నిర్మల్, జగిత్యాల ప్రాంతములలో వీధికి నాలుగు కలవు. అతడు పంపు డబ్బు ఎంత అవసరమో, అతని బదులు ఇక్కడ కాళ్ళరుగ తిరుగువారును అంతే అవసరము. చదువుకొన్న చిన్నకూతురు కావచ్చును, మరదలు కావచ్చును, పక్కింటి మాస్టరు కావచ్చును. ఫారము చదువగలిగి, కోపము వచ్చినను గొంతు పెంచక, "మళ్ళీ ఒకసారి చెప్పండి సారూ, రాసుకుంట" అని అడుగగల ఓపిక ఉన్నచో చాలును. బంధుత్వములో ఎంత దగ్గరవారైనను, అడుగుటకు సిగ్గుపడువారిని ఈ పనికి పెట్టవలదు. అడుగుట యనగా చేయి చాచుట యని మనకు చిన్ననాటినుండి నూరిపోసినారు. ఆ తలపు బ్రతుకు నడుచు దినములలో గౌరవమును నిలుపునేమో గాని, ఇట్టి దినములలో ప్రాణమునకే ముప్పు తెచ్చును. ప్రజలు కట్టిన పన్నుతో ఏర్పడిన నిధిని ప్రజలలో ఒకరు అడుగుట భిక్ష కాదు, వంతు నీరు అడుగుట వంటిది.

నీరటి చేతికి పార ఎట్లో, ఈ మనిషి చేతికి ఒక ఫైలును ఒక నోటుపుస్తకమును అట్లు. ఫైలులో అన్నిటికంటె పైన ఉండవలసినది బయాప్సీ నివేదిక. ఏ జాతి క్యాన్సరో అది చెప్పును గాన, తరువాత ఏ వైద్యునియొద్దకు పోయినను మొదట అడుగునది అదియే. దాని కింద స్కానులు, రక్తపరీక్షలు, ఆపరేషను జరిగియున్న యెడల డిశ్చార్జి కాగితము, ఇచ్చిన మందుల చీటీలు తేదీల వరుసన ఉండవలయును. వేరొక అరలో ఆధారు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకము, ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ప్రతి కాగితమునకు మూడేసి జిరాక్సులు తీయించి, అసలు కాగితమును అధికారము గల చోట తప్ప ఎవరికిని ఇయ్యక, ఫోనులో ఫోటోలు తీసి ఇంకొకరి ఫోనునకు కూడ పంపియుంచవలయును. గయ్యాళి గాలివాన ఒకటి వచ్చి బస్సు కిటికీలోనుండి సంచి తడిసిన దినమున ఈ మాట విలువ నాకు తెలిసినది. నోటుపుస్తకమున ఒక పుట వైద్యుడు చెప్పిన మాటలకు, ఒక పుట మనము అడుగదలచిన ప్రశ్నలకు. వైద్యుని గదిలో మన మనస్సు సగము మూతపడియుండును గనుక, ఇంటనే వ్రాసికొని పోయిన ప్రశ్నయే అక్కడ నోట వచ్చును. ఈ చికిత్స రోగమును మాన్పుటకా, అదుపులో ఉంచుటకా, బాధ తగ్గించుటకా? ఎన్ని నెలలు? ఎంత ఖర్చు, అందులో కార్డు భరించునది ఎంత? దీనిని నిర్మల్‌లోనో కరీంనగర్‌లోనో పొందుటకు వీలున్నదా? ఏ లక్షణము కనబడిన యెడల అర్ధరాత్రియైనను బయలుదేరవలయును? ఈ అయిదింటికి బదులు వ్రాసికొనక ఆ గదినుండి లేవరాదు.

ఇక తూముల సంగతి. అన్నిటికంటె దగ్గరది మన వీధిలోనే యున్నది, మనము ఆశమ్మ యని పిలుచు ఆశా కార్యకర్త. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారికి రక్తపుపోటు, చక్కెరవ్యాధులతోపాటు నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు లక్షణములను పరీక్షించు జాతీయ కార్యక్రమము ఒకటి నడుచుచున్నది. దాని జాబితా ఆశమ్మయొద్దను, ఏఎన్ఎంయొద్దను ఉండును. నోటిలో మూడు వారములైనను మానని పుండు, రొమ్ములో నొప్పి లేని గడ్డ, ముట్లుడిగిన తరువాత కనబడు రక్తము, ఇవి కనబడినవారు మొదట చెప్పవలసినది ఆమెకే. నొప్పి లేదు గనుక ప్రమాదము లేదనుకొనుటయే మన ఆడవారిలో పెద్ద మోసము. మొదటి దశలో ఇది చాలవరకు నొప్పి పెట్టని రోగము. రోగము తేలినపిమ్మట కూడ పుండు కట్టు కట్టుట, దవాఖానకు పంపు చీటీ తెచ్చిపెట్టుట, 108 వాహనమును పిలుచుట వంటి పనులలో ఆమె చేయి పెద్దది. గుట్కాయో, బీడియో, జర్దాయో మానలేకపోవుచున్నవారికి 1800-11-2356 అను ఉచిత సంఖ్య కలదు. రోగము వచ్చినపిమ్మట మానినను చికిత్స బాగుగ పనిచేయుటకు అది తోడ్పడును గాన "ఇంకేం మానుడు" అను నిరాశకు తావు లేదు.

తరువాతిది ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి రాష్ట్రమున మొదలై, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి కుటుంబమునకు ఏటా పది లక్షల రూపాయల వరకు పెరిగిన ఈ పథకము, ఆహార భద్రతా కార్డు గల ఇంటికి క్యాన్సరు ఆపరేషనును, కీమోను, మనవారు "కరెంటు పెట్టుడు" అని పిలుచు రేడియేషనును కూడ భరించును. ఇంత పెద్ద తూము ఉండగా మా ఇంట ఏమి జరిగినదో చెప్పెదను. మా అక్కకు రొమ్ములో గడ్డ కనబడినప్పుడు, తొందరలో తెలిసినవారు చెప్పిన ఒక ప్రైవేటు దవాఖానకు పోయి, బయాప్సీ అను మాటయే ఎరుగక గడ్డ కోయించి, పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారమంతయు కుదువబెట్టి కట్టిన మూడవ నెలలో గాని, అదే చికిత్స కార్డు మీద జరిగియుండునని తెలియలేదు. అడుగలేదు గనుక ఎవరును చెప్పలేదు. అందుచేత డబ్బు కట్టుటకు ముందే, దవాఖాన ముంగిట ఈ పథకపు సహాయకుడైన ఆరోగ్యమిత్ర కూర్చుండు బల్ల ఎక్కడనో వెదకి మూడు ప్రశ్నలు విడివిడిగా అడుగవలయును: ఈ దవాఖానలో పథకము నడుచునా, ఈ రోగమునకు నడుచునా, డాక్టరు వ్రాసిన ఈ చికిత్సకు నడుచునా. ఒకదానికి అవునన్నారు గదా యని మూడింటికి అవునని అనుకొనరాదు. ఇంటనుండియే తెలిసికొనగోరువారు 104కు ఫోను చేయవచ్చును.

కార్డు భరింపని ఖర్చు వచ్చినప్పుడు ముఖ్యమంత్రి సహాయనిధి కలదు. అది రెండు విధములుగ అందును. నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలలో చికిత్సకు ముందే, వారిచ్చు ఖర్చు అంచనాను జతపరచి, ఎల్‌ఓసీ యను హామీపత్రమును పొందుట ఒకటి. ఖర్చు పెట్టిన తరువాత అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితము, రేషన్ కార్డు, ఆధారు, బ్యాంకు ఖాతా వివరములతో దరఖాస్తు పెట్టుట రెండవది. రెండింటికిని శాసనసభ్యుని కార్యాలయమునుండి లేఖ సాగును. పెట్టిన ఖర్చంతయు తిరిగి రాదు, వచ్చునది ఆలస్యముగ వచ్చును, కాని వచ్చును. అందుచేత బిల్లు ఎంత చిన్నదైనను పారవేయరాదు. అడవి పల్లెల గోండు, కోలాం, నాయకపోడు కుటుంబములవారు ఉట్నూరు ఐటీడీఏ కార్యాలయమున కూడ సహాయము అడుగదగును. భాష తెలియని పెద్దలతో పట్నము పోవు యువకులు అక్కడినుండి మార్గము తెలిసికొని పోయిన యెడల సగము తిరుగుడు తప్పును.

మా ప్రాంతమునకు ప్రత్యేకమైన తూము మరియొకటి యున్నది; దానిని గూర్చి ఇంత తక్కువమందికి తెలిసియుండుట నాకు నిజముగ బాధ కలిగించు విషయము. నిర్మల్ మొదలు జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వరకు ఏ గడప ముందు చూచినను, చాటలో తునికాకును తంబాకును పెట్టుకొని, మెడ వంచి, మాటలాడుచునే దినమునకు వందల బీడీలు చుట్టు తల్లులు కనబడుదురు. వారి చెమట మీద వసూలైన సుంకముతో వారి మేలునకే వాడవలయునని పార్లమెంటు 1976లో బీడీ కార్మికుల సంక్షేమనిధి చట్టము చేసినది. గుర్తింపు కార్డు గల బీడీ కార్మికునికిగాని, అతని మీద ఆధారపడిన ఇంటివారికిగాని క్యాన్సరు వచ్చి, గుర్తింపు పొందిన దవాఖానలో చికిత్స జరిగిన యెడల, మందులకైన ఖర్చు తిరిగి ఇచ్చు ఏర్పాటు ఆ సంక్షేమ సంస్థ పథకములలో కలదు. బీడీ కార్మికుల దవాఖాన వైద్యునియొద్ద మొదలు పెట్టవలయును. పీఎఫ్ కట్టుచున్నవారు క్యాన్సరు వంటి పెద్ద రోగమునకు తమ ఖాతానుండి ముందుగనే కొంత సొమ్ము తీసికొనుటకును నిబంధన కలదు. ఆ గుర్తింపు కార్డు చాలా ఇండ్లలో పింఛను కొరకు మాత్రమే బయటికి తీయబడి, మరల ట్రంకుపెట్టెలోనికి పోవుచున్నది. దానిని ఫైలులో పెట్టుడు.

పట్నము ప్రయాణమునకు వత్తము. ఖానాపూరునుండి హైదరాబాదు రెండువందల కిలోమీటర్లకు పైమాట; కీమోకు రెండు మూడు వారములకొకసారి, రేడియేషనుకైన యెడల వారమునకు అయిదు దినముల చొప్పున కొన్ని వారములు. చాలామంది చికిత్సను నడుమ మానివేయుట మందు లేక కాదు, దారి ఖర్చు లేకయు, ఉండుటకు చోటు లేకయు. 2023 డిసెంబరునుండి మహాలక్ష్మి పథకము కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు. డీలక్సు, సూపర్ లగ్జరీలలో అది చెల్లదు గాన నిర్మల్‌లో బస్సు మారునప్పుడు పలక చూచి ఎక్కవలయును. మాకు రైలు లేదు. బాదనకుర్తి వంతెన దాటి మెట్‌పల్లికో కోరుట్లకో పోయినగాని కూత వినబడదు. అయినను ముంబయి వంటి దూరప్రయాణమునకు రైలే గతి; దవాఖానవారు సంతకము చేసి ముద్రవేసిన రాయితీ పత్రమున్న యెడల చికిత్సకు పోవు క్యాన్సరు రోగికి స్లీపరులోను, థర్డ్ ఏసీలోను టికెట్టు పూర్తిగ ఉచితము, తోడుపోవువారికి నూటికి 75 పాళ్ళు తగ్గింపు. ఈ పత్రము దవాఖానలో అడిగినవారికే ఇత్తురు.

హైదరాబాదులో లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్ గుట్ట మీద ఉన్న ఎంఎన్‌జే క్యాన్సరు దవాఖాన మన ప్రాంతపు బీదవారికి పుట్టినిల్లు వంటిది. 1955లో వెలసిన ఆ సంస్థ పేరులోని మెహదీ నవాజ్ జంగ్, హైదరాబాదు సంస్థానపు అధికారిగ, మంత్రిగ ఉండి, 1960లో గుజరాతు రాష్ట్రమునకు తొలి గవర్నరైన పెద్దమనిషి. అక్కడి రద్దీని చూచి వెనుకకు మరలిపోయినవారిని నేనెరుగుదును, అది పొరపాటు. వరండాలో చాప పరచుకొని కూర్చున్న ఆ గుంపే ఒక సహాయకేంద్రము. ఆసిఫాబాదు తల్లి మహబూబ్‌నగర్ తల్లికి కీమో తరువాత నోరు పుండ్లుపడకుండ ఉప్పునీటితో ఎట్లు పుక్కిలింపవలయునో చెప్పుచుండును; ఒక చేవెళ్ళ రైతు, ఏ కిటికీ ముందు ఏ వేళకు వరుస తక్కువగ ఉండునో కొత్తవారికి చూపుచుండును. ఈ మాటలు ఏ కరపత్రమునను ఉండవు. తోడువచ్చినవారికి అయిదు రూపాయల భోజనము నగరపు పెద్ద సర్కారు దవాఖానలలో 2022నుండి పెట్టుచున్నారు. బంజారాహిల్స్‌లోని బసవతారకం దవాఖాన, నందమూరి తారక రామారావుగారి సతీమణియై క్యాన్సరుతో కన్నుమూసిన బసవతారకంగారి పేర, 2000 సంవత్సరమున ప్రారంభమైనది. అక్కడను ఆరోగ్యమిత్ర బల్ల వెదకి మొదట ఆ మూడు ప్రశ్నలు అడుగుడు. 1941లో వెలసిన ముంబయి టాటా మెమోరియల్ మీద మనవారికి గల నమ్మకము న్యాయమైనదే గాని, మన రోగమునకు ఇక్కడి చికిత్సయే చాలునని వైద్యులు చెప్పినప్పుడు, పేరుకొరకు ప్రాణమును రైలులో త్రిప్పవలదు. రెండవ అభిప్రాయము కోరుట తప్పు కాదు. అది కోరినంత మాత్రమున మొదటి వైద్యుడు నొచ్చుకొనడు.

రోగి బిడ్డయైన యెడల దారి వేరు. పిల్లలలో వచ్చు క్యాన్సర్లలో చాలావాటికి మంచి చికిత్స కలదు, కాని అది నెలల తరబడి సాగును గాన తల్లిదండ్రులు పట్నమున కాపురము పెట్టవలసివచ్చును. అట్టివారికి ఉచితముగ గదియు, వంటచేసికొను సదుపాయమును ఇచ్చు సెయింట్ జూడ్ శిశు సంరక్షణ కేంద్రములు ముంబయిలో మొదలై హైదరాబాదులోను నడుచుచున్నవి; క్యాన్‌కిడ్స్ సంస్థ పిల్లల మందులకు, చదువునకు, తల్లిదండ్రుల ఓదార్పునకు సాయపడును. పిల్లల విభాగపు సామాజిక కార్యకర్తను అడిగిన యెడల ఆమెయే చేయి పట్టుకొని చూపును.

కీమో అనగానే మన ఇండ్లలో కలుగు భయమును గూర్చి ఒక మాట. "మందే చంపుతదట" అను వదంతితో చికిత్స మానినవారున్నారు. ఆ చికిత్స తొలిరోజులలో తెలుగువాని చేయి ఉన్నదని వారికి చెప్పవలయునని నాకు తోచుచుండును. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌తోనే, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తపు క్యాన్సరు పిల్లలలో రోగము తాత్కాలికముగనైన వెనుకంజ వేయుటను లోకమునకు చూపినాడు. ఆ కుటుంబపు మందే మెథోట్రెక్సేట్, నేటికిని వాడుకలో ఉన్నది. వాంతులు, జుట్టు రాలుట, నీరసము నిజమే. చాలావరకు అవి చికిత్సతోపాటు పోవును. భయపడవలసినది ఒకదానికే: కీమో జరిగిన దినములలో జ్వరము వచ్చిన యెడల పారాసిటమాల్ ఇచ్చి తెల్లవారనిత్తమని కూర్చుండరాదు, తెల్లరక్తకణములు తగ్గిన శరీరమున అది గంటలలో ముదురును. వెంటనే ఫైలుతోసహా దవాఖానకు పోవలయును.

ఇప్పుడు నా మనస్సునకు అన్నిటికంటె దగ్గరైన విషయమునకు వచ్చితిని. "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకపొండ్రి" అను మాట విని రోగిని ఆటోలో పడుకోబెట్టి తెచ్చుకొన్న ఇంటిలో ఆ తరువాతి నెలలు ఎట్లు గడచునో ఎరిగినవారెరుగుదురు. రాత్రియంతయు మూలుగు, తెల్లవారునప్పటికి మూలుగువారికంటె వినువారి ముఖము ఎక్కువ నల్లబడియుండును. చేసేదేమియు లేదను ఆ మాట అసత్యము. చేయవలసినది అప్పుడు చాల ఉన్నది. నొప్పిని అణచుట, పుండు వాసనను తగ్గించుట, ఆయాసమును, మలబద్ధకమును, నిద్రలేమిని చక్కబెట్టుట, వీనికొక శాస్త్రమే యున్నది. ఉపశమన చికిత్స యనియు, పాలియేటివ్ కేర్ అనియు దాని పేరు. ఇది చావునకు ముందు ఇచ్చు తీర్థము కాదు. రోగము తేలిన నాటినుండియే, ప్రధాన చికిత్సతోపాటే దీనిని కోరవచ్చును. ఎంఎన్‌జేలో ఈ విభాగము చిరకాలముగ నడుచుచున్నది. తెలంగాణ ప్రభుత్వము జిల్లాల దవాఖానలలోనికి ఈ చికిత్సను తెచ్చి, మంచము దిగలేనివారి ఇండ్లకు నర్సును మందును మోసికొనిపోవుటకు ఆలన యను పేర వాహనములను ఏర్పరచినది. మన జిల్లా ఆలనవారు ఏ దినమున ఏ మండలమునకు వత్తురో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున అడిగి, రోగి పేరు వ్రాయించుట నీరటి చేయదగిన పనులలో అతి ముఖ్యమైనది. ఇంట చూచుకొనుట సాధ్యము కాని స్థితి వచ్చిన యెడల, హైదరాబాదులో రోటరీ క్లబ్బు ఆఫ్ బంజారాహిల్స్‌వారు 2011నుండి నడుపుచున్న స్పర్శ్ హాస్పిస్‌లో పైసా తీసికొనక చూచుకొందురు.

మార్ఫిన్ పేరు విని ఇంటివారు జంకుదురు. మత్తుమందనియు, అలవాటుపడుననియు, దానిని మొదలు పెట్టిరనగా ఆఖరి గడియయే యనియు అనుకొందురు. క్యాన్సరు నొప్పికి వైద్యుడు కొలిచి ఇచ్చు మార్ఫిన్ మాత్ర ఆ పని చేయదు. నొప్పి పోయినవాడు కూర్చుండును, అన్నము తినును, మనుమనితో మాటలాడును. 1985నాటి మాదకద్రవ్యముల చట్టపు కట్టుబాట్లచేత అది దొరకుటయే కష్టమైయుండగా, కేరళమున 1993లో కోళికోడ్‌లో ఉపశమన చికిత్సా సంఘమును మొదలు పెట్టినవారిలో ఒకరైన డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్ వంటివారు ఏండ్ల తరబడి పోరగా, 2014లో పార్లమెంటు ఆ చట్టమును సడలించినది. ఆ కేరళమున ఊరివారే వంతులు వేసికొని మంచమున ఉన్నవారిని చూచుచున్నారు. బతుకమ్మకు వీధి వీధంతయు కలిసి పూలు కోసుకొని వచ్చు మన ఊళ్ళకు ఆ పని చేతకాదని నేను నమ్మజాలను. ఇక మార్ఫిన్ మాత్రను వైద్యుడు చెప్పిన వేళకు, నొప్పి రాకమునుపే వేయవలయును. నొప్పి భరింపరానిదైనప్పుడు వేయుదమని దాచుట రోగిని శిక్షించుటయే. దానితోపాటు మలబద్ధకమునకు మందు తప్పక అడుగవలయును.

చివరకు చూచుకొనువారి సంగతి. మన ఇండ్లలో రోగి ఆడదైన యెడల ఆమె వంట మానదు, రోగి మగవాడైన యెడల భార్య నిద్రపోదు. పళ్ళెము వేరుచేయుట, పిల్లలను దగ్గరకు పోనియ్యకుండుట ఇంకను కొన్నిచోట్ల ఉన్నది. క్యాన్సరు అంటు కాదు, బయటనుండి పెట్టు కరెంటు ఒంటిలో నిలిచి ఇతరులకు తగులదు, ఆ బిడ్డను ఆ తల్లి ఒడిలో పడుకొననిండు. రోగికి రోగము పేరు చెప్పకుండ దాచుట ప్రేమ యనుకొందుము. కాని వారు చాలవరకు గ్రహించియే యుందురు, గ్రహించి ఒంటరిగ మోయుచుందురు. అడిగినంత, అడిగినప్పుడు, మెల్లగ చెప్పుట మేలు. మనస్సు కుంగినవారికి, అది రోగియైనను తోడున్నవారైనను, తెలుగులో ఉచితముగ మాటలాడుటకు 14416 అను టెలీ మానస్ సంఖ్య 2022నుండి పగలు రాత్రి పనిచేయుచున్నది. గల్ఫులో ఉన్న మనవారికే ఈ రోగము వచ్చిన యెడల అక్కడి భారత రాయబార కార్యాలయమున భారతీయ సముదాయ సంక్షేమనిధి కలదు. ఆపదలో పడిన కార్మికుని వైద్యమునకు, ఇంటికి చేర్చుటకు దానినుండి సాయము కోరవచ్చును. నీరటికి కూడ వారమునకొక దినము సెలవు ఉండవలయును. ఆ దినమున ఫైలు మోయుటకు ఇంకొకరిని ముందే చెప్పి ఉంచుకొనవలయును.

మా అక్క చికిత్స ముగిసి నాలుగేండ్లయినది. ఆమె నోటుపుస్తకము మాత్రము మా ఇంట లేదు. కిందటి వానాకాలమున కడెము వైపు పల్లెనుండి ఒక కుర్రవాడు తల్లి కాగితముల సంచితో మా వాకిట నిలిచి, "అన్నా, మీ ఇంట్ల ఒకరికి నయమైందట గద, ఎట్ల పోయిండ్రు?" అని అడిగినాడు. అక్క లోపలినుండి ఆ పుస్తకమును తెచ్చి, తన పేరున్న పుటలు చించి, మిగిలినది అతని చేతికిచ్చి, మొదట ఆరోగ్యమిత్ర బల్ల ఎక్కడ ఉండునో వ్రేలితో గాలిలో గీసి చూపినది.